ఉద్యోగిపై విచారణ: వకీలు సహాయమునకు హక్కెంత?

(సంఘ భవనమున జరిగిన మాసిక సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు మేము మొదట సంకోచించితిమి. మేము నూలు వ్యాపారులము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. న్యాయశాస్త్రమున మాకు పట్టా లేదు. అయినను మన పేటలనుండి మిల్లులకును, బ్యాంకులకును, రైల్వేకును, మునిసిపాలిటీకిని, ప్రైవేటు కంపెనీలకును పోవుచున్న మనవారు ఛార్జిషీటు చేతబట్టుకొని మా అంగడి మెట్లెక్కుట కొన్ని సంవత్సరములుగా మామూలైనది. నూలు కొనవచ్చువారికంటె కాగితము చదివించుకొన వచ్చువారే ఎక్కువైన దినములు కూడ గలవు. ఆ కాగితములను చూచి, తెలిసిన వకీళ్ళ నడిగి, తీర్పులను చదివించుకొని మేము గ్రహించినంతవరకు మీకు విన్నవించెదము.

మొదట మా తప్పు చెప్పుకొని పిమ్మట పరుల తప్పులు చెప్పుట మర్యాద. ఇది పదునైదేండ్ల క్రిందటి మాట. మా నాన్నగారు పెట్టిన గుమాస్తా ఒకరు మా అంగడిలో పదునొకండు సంవత్సరములనుండి పనిచేయుచుండిరి. ఆ యేడు శ్రావణమాసమున గిడ్డంగి లెక్క చూడగా రంగునూలు కట్టలు నాలుగు తక్కువ వచ్చినవి. తాళపుచెవి ఆయనయొద్దనే యుండెడిది. సాయంకాలము దీపము పెట్టిన తరువాత మేమును మా అన్నగారును ఆయనను పిలిపించి, కట్టలేమైనవని అడిగితిమి. ఆయన తల వంచుకొని నిలిచెను. మరల అడిగితిమి. మరల మౌనమే. మౌనము అంగీకారమని మాకు మేమే నిశ్చయించుకొని, ఆ నెల జీతము చేతిలోపెట్టి ఆ రాత్రియే పంపివేసితిమి. ఫిర్యాదీలము మేమే, సాక్షులము మేమే, తీర్పరులము మేమే. అంతయు పావుగంటలో ముగిసినది.

దీపావళికి క్రొత్త ఖాతాలు తెరచుటకై పాత చిట్టాలను సర్దుచుండగా, నాలుగు కట్టలు మరల రంగు వేయుటకై అద్దకమువారికి పంపినట్లు చీటి యొకటి బయటపడినది. ఆ చీటి మా అన్నగారి చేతివ్రాత. మేము ఆయన యింటికి పోయితిమి. అప్పటికాయన మరియొకచోట లెక్కలు వ్రాయుచుండిరి. మమ్ము కూర్చుండబెట్టి, చాయ తెప్పించి, "సావుకారూ, అద్దకం చీటీల కట్ట ఒక్కసారి తీసి చూడండి అని ఆ రోజు నోటిదాకా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఎదురుగా నిలబడితే మాట పెగల్లేదు" అని మాత్రమనిరి. తిరిగి పనిలోనికి రమ్మని ఎంత వేడినను రాలేదు. ఆనాడు తోటి గుమాస్తా ఒక్కడు ఆయన ప్రక్కన నిలిచి, "చీటీలు చూడండి" అని రెండు మాటలు పలికియున్నయెడల పదునొకండేండ్ల పొత్తు చెడియుండెడిది కాదు. అప్పటినుండి ఎవరైన ఛార్జిషీటు తెచ్చినపుడు మేము మొదట అడుగు ప్రశ్న యొక్కటే: నీ ప్రక్కన నిలుచువారెవరు?

ఇక చట్టపు సంగతి. ఇందు మనవారు రెండు విధములుగా పొరబడుచున్నారు. వకీలును పెట్టుకొను హక్కు రాజ్యాంగములోనే యున్నది గదా యని కొందరందురు. రాజ్యాంగపు 22వ అధికరణము అరెస్టయినవానికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించుటకును, అతనిచే వాదింపజేసికొనుటకును హక్కు నిచ్చుచున్న మాట నిజమే. కాని మిల్లు మేనేజరు జరుపు విచారణ అరెస్టు కాదు. 311వ అధికరణము ప్రభుత్వపు సివిలు ఉద్యోగిని, కొన్ని మినహాయింపులు తప్ప, అభియోగములు తెలిపి, చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చి, విచారణ జరిపిన పిమ్మటగాని తొలగింపరాదని శాసించుచున్నది. అందును వకీలు ప్రసక్తి లేదు. మరికొందరు, అది కంపెనీ లోపలి వ్యవహారము, వారి చిత్తము, మనమేమి చేయగలమని చేతులు ముడుచుకొందురు. మొదటివారి పొరబాటుకంటె వీరి పొరబాటే ఎక్కువ నష్టకరము.

ఏలయన, యజమాని తన చిత్తము వచ్చినట్లు విచారణ జరుపుటకు వీలులేదని సుప్రీంకోర్టు 1963లోనే స్పష్టముగా చెప్పియున్నది. సుర్ ఎనామెల్ కంపెనీ కేసులో విచారణకు ఉండవలసిన లక్షణములను ఆ కోర్టు వరుసగా చెప్పినది. ఉద్యోగికి తనపై మోపిన అభియోగము స్పష్టముగా తెలియవలెను. సాక్షులను సాధారణముగా అతని ఎదుటనే విచారింపవలెను. వారిని ఎదురు ప్రశ్నలడుగుటకు అతనికి అవకాశముండవలెను. తన పక్షమున తానును, తన సాక్షులును చెప్పుకొనుటకు వీలుండవలెను. విచారణాధికారి తన నిర్ణయమును కారణములతో వ్రాయవలెను. అదే సంవత్సరము మీన్‌గ్లాస్ తేయాకు తోట కేసులో, సాక్షియైనవాడే విచారణాధికారిగా కూర్చుండుటను కోర్టు తప్పుపట్టినది. మా అంగడిలో ఆనాడు జరిగినది ఈ కొలతకు పెట్టిచూచిన నిలుచునా?

ఎదురు ప్రశ్నలడుగుటకు అవకాశముండవలెననిరి. మంచిదే. అడుగుట చేతకానివాని మాటయేమి? ఇచ్చటనే ప్రక్కన నిలుచువాని ప్రశ్న వచ్చుచున్నది. దీనిపై మొదటి పెద్ద తీర్పు 1960లో జంషెడ్‌పూరు టాటా లోకోమోటివ్ కంపెనీ కేసులో వచ్చినది. జంషెడ్‌పూరనిన మనవారు పెక్కురు స్థిరపడిన ఊరే. తమ పక్షమున యూనియను ప్రతినిధిని అనుమతింపవలెనని ఆ పనివారు కోరిరి. ఇట్టి విచారణలలో సాధారణముగా తేలవలసినవి ఫలానా పని జరిగినదా లేదా యను చిన్న యథార్థములే గనుక, పనివాడు తన సంగతి తానే చెప్పుకొనగలడనియు, ప్రతినిధి కావలెనని హక్కుగా కోరుటకు వీలులేదనియు సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. యజమాని తన యిష్టముతో అనుమతించుటకు మాత్రము అడ్డులేదన్నది. 1965లో డన్‌లప్ రబ్బరు కంపెనీ కేసులోను ఇదే మార్గము. యూనియనువానికే లేని హక్కు వకీలుకు ఎచ్చటినుండి వచ్చును?

కాని ఆ తీర్పులలోనే మరియొక ద్వారము తెరచియున్నది. స్టాండింగు ఆర్డర్లు గాని, సర్వీసు నియమములు గాని, ఒడంబడిక గాని అట్టి హక్కు నిచ్చినయెడల అది హక్కే యగును. కావున ఛార్జిషీటు వచ్చిన దినమున వెదకవలసినది కోర్టు తీర్పులను గాదు. తాను పనిచేయు సంస్థ నియమావళిని. మనవారిలో పదిమందికి తొమ్మండుగురు తాము ఏ నియమముల క్రింద ఉద్యోగము చేయుచున్నారో ఎరుగరు. పెండ్లి లగ్నపత్రిక దాచుకొన్నంత శ్రద్ధగా నియామకపు ఉత్తరువును దాచుకొన్నవారు కూడ తక్కువే.

కేంద్రప్రభుత్వపు సివిలు ఉద్యోగులకు 1965 నాటి నియమావళి యున్నది. దాని 14వ నియమము ప్రకారము మరియొక ప్రభుత్వోద్యోగి సహాయము పొందవచ్చును. వకీలును మాత్రము రెండు సందర్భములలోనే పెట్టుకొనవచ్చును: ప్రభుత్వ పక్షమున కేసు నడుపు అధికారి తానే వకీలైనపుడు, లేదా పరిస్థితులను బట్టి క్రమశిక్షణాధికారి అనుమతించినపుడు. రైల్వేవారి 1968 నియమావళి తోటి రైల్వే ఉద్యోగినిగాని, గుర్తింపు పొందిన రైల్వే యూనియను పదవీధారినిగాని సహాయకునిగా అంగీకరించుచున్నది. బ్యాంకు గుమాస్తాలకు 1966 నాటి ద్వైపాక్షిక ఒడంబడికలోనే తమ యూనియను ప్రతినిధిచే వాదింపజేసికొను హక్కును, బ్యాంకు అనుమతించినచో వకీలును పెట్టుకొను వీలును గలవు. కార్ఖానాల విషయమున కేంద్ర నమూనా స్టాండింగు ఆర్డర్లు కొంతకాలమునకు సవరింపబడి, పనివాడు తాను సభ్యుడైన యూనియను పదవీధారిచే వాదింపజేసికొనవచ్చునని చేర్చినవి. మన మహారాష్ట్రమున 1971 నాటి కార్మికసంఘముల గుర్తింపు చట్టము, గుర్తింపులేని యూనియనువారికి కూడ తమ సభ్యుని పక్షమున సంస్థలోపలి విచారణకు హాజరగు హక్కు నిచ్చినది. ఇందు "తాను సభ్యుడైన" అను మాటను గట్టిగా జ్ఞాపకముంచుకొనుడు. దానివలన జరిగిన నష్టమును గూర్చి కొంచెము సేపటిలో చెప్పెదము.

ఇక వకీలు సంగతి. ఇందు న్యాయమును మలుపు త్రిప్పిన తీర్పులు మూడు. 1972లో కొచ్చిన్ కస్టమ్సు ఉద్యోగి కేసు. ప్రభుత్వ పక్షమున కేసు నడిపినవాడు శిక్షణ పొందిన పోలీసు ప్రాసిక్యూటరు. ఉద్యోగి తనకును వకీలు కావలెనన్నచో నిరాకరించిరి. అట్టివాని ఎదుట చట్టమెరుగని వానిని ఒంటరిగా నిలిపి, తగిన అవకాశమిచ్చితిమనుట సరికాదని సుప్రీంకోర్టు ఆ శిక్షను త్రోసివైచినది. రెండవది బొంబాయి పోర్టు ట్రస్టు కేసు. తీర్పు 1982లో వచ్చినది. పోర్టు ట్రస్టు పక్షమున కేసు నడుపుటకు నియమింపబడినవారు ఆ సంస్థ న్యాయసలహాదారును, ఆయన సహాయకుడును. ఉద్యోగికి మాత్రము వకీలు కూడదనిరి. పూర్వకాలపు విచారణ వేరు, నేటి విచారణ వేరనియు, నేటి యజమానులు చట్టము చదివిన అధికారులను జీతములిచ్చి పోషించుకొనుచు ఉద్యోగిని మాత్రము ఒంటరిగా నిలుపుట త్రాసును ఒకప్రక్కకు వంచుటయే యనియు కోర్టు అభిప్రాయపడి, వకీలును అనుమతింపవలసినదే యన్నది. మూడవది 1991 నాటి హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసు. అచ్చట కేసు నడిపినవాడు పేరునకు సిబ్బంది మేనేజరు. కాని చట్టమున అనుభవముగలవాడు. పదవి పేరెట్టిదైనను ఎదుటివాని విద్యను చూడవలెనన్న ధర్మము అచ్చట నిలిచినది.

అయితే ఈ మూడింటిని చూచి పొంగిపోవలదు. ఎదుటి పక్షమున చట్టపండితుడు లేనిచోట వకీలును కోరుట కష్టమే. 1992లో క్రెసెంట్ డైస్ కేసులో, ప్రతినిధిని పెట్టుకొను హక్కు నియమములను బట్టియే గాని స్వతస్సిద్ధమైనది కాదని సుప్రీంకోర్టు మరల స్థిరపరచినది. 2006లో జాతీయ విత్తనాల సంస్థ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉద్యోగికి వకీలును అనుమతింపగా, సుప్రీంకోర్టు దానిని రద్దుచేసినది. 2008లో రైల్వే రక్షకదళపు కేసు మరింత చోద్యమైనది. ఆ దళపు నియమము ప్రకారము ఉద్యోగికి స్నేహితుని సహాయమున్నది. కాని ఆ స్నేహితుడు విచారణాధికారితో మాటలాడరాదు, సాక్షులను ప్రశ్నింపరాదు. హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినను సుప్రీంకోర్టు నిలిపినది. పెండ్లికి పిలిచి భోజనము వద్దనుటవలె నున్నదని మాకు తోచినది. కాని నియమము నియమమే గనుక తెలిసియుండుట మంచిది.

ఇప్పుడు మన భాషవారికి ప్రత్యేకముగా సంబంధించిన మాట. పూర్వము మన పేటలో నివసించిన యొకాయన ఒక మిల్లులో ఇరువదిరెండేండ్లు పనిచేసెను. చదువు మునిసిపల్ తెలుగు బడిలో నాలుగవ తరగతి. మరాఠీ మాటలాడుటకు అలవాటేగాని చదువుట రాదు. ఇంగ్లీషు అసలే రాదు. పాళీ మారువేళ ముకద్దముతో మాట పెరిగినది. మూడు దినములకు ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితము చేతికిచ్చి సంతకము చేయించుకొనిరి. ఆయన పది దినములు దానిని దేవుని గూటిలో పెట్టుకొనెను. పండుగ బోనసు కాగితమనుకొంటినని తరువాత మాతో చెప్పెను. నవ్వవలసిన మాట కాదు, సోదరులారా.

విచారణ దినమున మేము వెంటపోయితిమి. లోపల బల్లకు ఆవల చట్టపు పట్టాగల కార్మికాధికారియు, విచారణాధికారియు కూర్చుండిరి. "మీరు బయటివారు" అని మమ్ము గేటు దాటనీయలేదు. నియమము ప్రకారము వారన్నది సరియే. మేము ఆ మిల్లు ఉద్యోగులము కాము. మరి యూనియను పదవీధారి యేడి? ఆయన చందా పదునాలుగు నెలలుగా కట్టలేదు. సభ్యుడు కానివానికి మేమెట్లు వచ్చెదమని యూనియనువారనిరి. అదియు సరియే. అందరును సరియే, ఆయన మాత్రము ఒంటరి. మేము గేటు ప్రక్కన చాయబండి బల్లపై గంటసేపు కూర్చుంటిమి.

ఆయన బయటికి వచ్చినపుడు ఏమి జరిగినదని అడిగితిమి. "ముకద్దాన్ని నేను తిట్టలేదు, గట్టిగా అన్నాను అని చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు. సంతకం పెట్టాను" అనెను. తరువాత నకలు తెప్పించి చూచితిమి. "గట్టిగా అన్నాను" అను మాట ఇంగ్లీషులో ఎక్కునప్పటికి ముకద్దమును బెదిరించినట్లు ఒప్పుకొన్నాడని యున్నది. అక్కడ తెలుగువాడొకడున్నను, లేదా మరాఠీ చక్కగా చదువగలవాడొకడు ప్రక్కన నిలిచి ఆ వాక్యమును మరల చదువుడన్నను, ఆ ఒప్పుదల పుట్టెడిది కాదు. ఆయన పనిపోయినది. నాలుగేండ్లు కార్మిక న్యాయస్థానము చుట్టు తిరిగి, కొంత సొమ్ము పుచ్చుకొని రాజీపడెను. ఆ సొమ్ములో సగము అప్పులకే చాలలేదు.

దీనిపై మా అభిప్రాయము దాచుకొనము. ఎదుటివాడు చట్టము చదివినవాడైనచో ఉద్యోగికి వకీలును నిరాకరించుట అన్యాయమని సుప్రీంకోర్టు చెప్పినది. విచారణ జరుగు భాషను ఎదుటివాడు చదువగలిగి, ఉద్యోగి చదువలేనపుడు కూడ త్రాసు అట్లే వంగుట లేదా? చట్టము తెలియమి ఒక లోపమైనచో, తన మాట యెట్లు వ్రాయబడుచున్నదో తెలియమి అంతకంటె పెద్ద లోపము. ఇది మా వాదమేగాని కోర్టు తీర్పు గాదు, పొరబడకుడు. అయినను దీనికి దగ్గరి తార్కాణమొకటి గలదు. 1962 నాటి తీర్పుగల కేసులో, మహారాష్ట్ర ప్రభుత్వమువారు నిర్బంధించిన యొకనికి నిర్బంధ కారణములను ఇంగ్లీషులో ఇచ్చిరి. ఆయనకు హిందీ మాత్రమే వచ్చును. తెలియని భాషలో కాగితమిచ్చుట తెలియజేయుట కాదని సుప్రీంకోర్టు ఆ నిర్బంధమును రద్దుచేసినది. అది చెరసాల సంగతి. మనది కూటి సంగతి. ఐనను, "అభియోగము స్పష్టముగా తెలియవలెను" అను 1963 నాటి మాటకు అర్థము, చేతికి కాగితము తగులుట కాదుగదా.

1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము ఆ నియమములను ఇంగ్లీషులోను, అధికసంఖ్యాక కార్మికులకు తెలిసిన భాషలోను గేటువద్ద వ్రేలాడదీయవలెనని విధించినది. అధికసంఖ్యాకులకు తెలిసిన భాష! షోలాపురములో అది మరాఠీ, బరంపురములో ఒడియా, చెన్నపట్టణమున తమిళము, బెంగుళూరున కన్నడము. ఎచ్చటికి పోయినను మనము రెండవ వరుసవారము. ఇందులకు ఎవరిని నిందించుటకును లేదు. మరాఠీ మనకన్నము పెట్టిన భాష. మన పిల్లలు దానిని చక్కగా చదువుచున్నారు. కాని యేబదియేండ్లు దాటినవారి సంగతి వేరు.

యజమానుల పక్షమును కూడ రెండు మాటలు చెప్పవలెను. మేమును నలుగురికి జీతమిచ్చువారమే. ప్రతి చిన్న విచారణకును వకీళ్ళు వచ్చిన పని జరుగదని వారందురు. అందులో కొంత నిజమున్నది. వాయిదాలపై వాయిదాలు కోరి, ప్రతి ప్రశ్నకును ఆక్షేపణ చెప్పి, ఆరువారముల విచారణను ఆరేండ్లకు సాగదీసిన వకీళ్ళను మేమెరుగుదుము. ఆ ఆలస్యమునకు ఫీజు చెల్లించువాడు ఉద్యోగియే. ఆలస్యమైతే రోజులు చెట్టునీడన గడుచుచుండవచ్చునుగాని ఇంట పొయ్యి వెలుగవలెను గదా. కావున అన్నిచోట్ల వకీలు కావలెనని మేమనము. తెలివిగల తోటి ఉద్యోగి యొక్కడు పెక్కు సందర్భములలో వకీలుకంటె మేలు. సాంచె దగ్గర ఏమి జరుగునో అతనికి తెలిసినంత వకీలుకు తెలియదు. దొంగతనము, మోసము, ధనాపహరణము వంటి అభియోగము వచ్చి, క్రిమినలు కేసు కూడ నడుచుచున్నపుడును, ఎదుట చట్టపండితుడు కూర్చున్నపుడును వకీలును కోరి తీరవలెను.

క్రిమినలు కేసనగానే కోలారు బంగారు గనుల కేసు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 1985లో అచ్చటి భద్రతాధికారి యింట పోలీసులు సోదాచేసి బంగారము దొరికినదనిరి. ఆయనను సస్పెండు చేసిరి. క్రిమినలు కేసును, శాఖా విచారణయు ఒకే ఆధారముపై నడిచినవి. సస్పెన్షను కాలపు భృతి ముట్టలేదు. ఆయన స్వగ్రామము కేరళమున నున్నది. వ్యాధిగ్రస్తుడనని కాలము కోరినను వినక, ఆయన లేకయే విచారణ ముగించి 1986లో బర్తరఫు చేసిరి. 1987లో క్రిమినలు కోర్టు నిర్దోషియన్నది. 1999లో సుప్రీంకోర్టు ఆ బర్తరఫును కొట్టివేయుచు, భృతి చెల్లింపక విచారణకు రమ్మనుట అవకాశమిచ్చుట కాదని చెప్పినది. పదునాలుగేండ్లు! కడుపునకు లేనివానికి వకీలు హక్కున్నను లేకున్నను ఒక్కటే.

భృతి విషయమున నేటి చట్టమును చెప్పవలెను. 1946 నాటి చట్టము స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21వ తేదినుండి అమలులోనికి వచ్చినది. స్టాండింగు ఆర్డర్ల అధ్యాయము ఇప్పుడు 300 మందియు, అంతకు మించియు పనివారున్న సంస్థలకే వర్తించును. పాత చట్టమున ఆ సంఖ్య 100. వర్తించినచోట సస్పెన్షనులో మొదటి 90 దినములకు వేతనములో సగమును, ఆ పిమ్మట ఆలస్యము పనివాని వలన గానియెడల నూటికి 75 వంతులును ఇయ్యవలెను. విచారణ సాధారణముగా 90 దినములలో ముగియవలెను. చిన్న కార్ఖానాలవారికి ఈ నీడ తగ్గినది. బీడీలు చుట్టు మన ఆడబిడ్డలకు, కంట్రాక్టరుక్రింద పోవు మన కుర్రవాండ్రకు విచారణ యన్న మాటయే తెలియదు. రేపటినుండి రావద్దనుటయే వారికి తీర్పు. వారి సంగతి మరియొక సభలో ప్రత్యేకముగా మాటలాడవలసియున్నది.

ఇక ఛార్జిషీటు వచ్చినవారు చేయవలసినది. కాగితము పుచ్చుకొన్నపుడు "అందినది" అని తేదీ వేసి సంతకము చేయుడు. అంతకుమించి ఒక్క అక్షరము వ్రాయకుడు. ఆ సాయంకాలమే చదువగలవారియొద్దకు తెండు. దేవుని గూటిలో పెట్టకుడు. భాష తెలియనిచో, నాకీ భాష రాదు, తెలుగులోగాని నాకు వచ్చిన భాషలోగాని వివరింపుడని వ్రాతమూలకముగా కోరుడు. సాక్షుల పేర్లును, పత్రముల నకళ్ళును కోరుడు. కేసు నడుపు అధికారి ఎవరో, ఏమి చదివినాడో విచారించి, చట్టపు పట్టాగలవాడైనచో ఆ సంగతి చూపి వకీలును అనుమతింపుడని వ్రాతమూలకముగా అడుగుడు. ఈ కోరిక మొదటి దినముననే చేయవలెను. తీర్పు వచ్చిన తరువాత వకీలు లేడని యేడ్చినచో, ఆనాడేల అడుగలేదని కోర్టు ప్రశ్నించును. నిరాకరించిరా, ఆ నిరాకరణను కాగితముపై వ్రాయుమనుడు. కోపించి విచారణకు పోకుండుట మాత్రము కూడదు. మీరు లేకయే అది ముగియును. ఆక్షేపణ వ్రాసియిచ్చి కూర్చుండుడు. దినము ముగిసినపుడు వ్రాసినదానిని చదివించుకొననిదే సంతకము చేయకుడు. చదివి వినిపింపకున్నచో సంతకము క్రింద తెలుగులోనైనను ఆ మాటయే వ్రాయుడు. విచారణ ముగిసిన పిమ్మట, శిక్ష వేయుటకు ముందే విచారణాధికారి నివేదిక నకలును ఉద్యోగికి ఇయ్యవలెనని 1993లో హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నింటికిని వర్తించునట్లు తీర్పుచెప్పినది. ఆ నకలు అడిగి పుచ్చుకొని, దానికి సమాధానము వ్రాయుట మరువకుడు.

మన సంఘమువారు విచారణ గదిలోనికి రాలేరు. గేటువద్ద మాకు కలిగిన అనుభవము మీకు చెప్పితిమి. కాని ఒక పని చేయగలము. ఒక్కొక్క సంస్థలో పనిచేయు మనవారిలో చదువును, ధైర్యమునుగల ఇద్దరేసి పేర్లు మాకియ్యుడు. నియమములను చదివి, తోటి ఉద్యోగి సహాయకునిగా ఎట్లు కూర్చుండవలెనో వారికి నేర్పుటకు నగరమునందలి ఇద్దరు న్యాయవాదులు రుసుము లేకుండ అంగీకరించిరి. మరాఠీనుండియు ఇంగ్లీషునుండియు కాగితములను తెలుగు చేయుటకు మన పాఠశాల ఉపాధ్యాయినులు నలుగురు ముందుకు వచ్చిరి. యూనియను చందా బాకీ యున్నవారు ఈ వారములోనే చెల్లింపుడు. చేత డబ్బులేనివారు కోశాధికారిగారితో రహస్యముగా చెప్పుకొనవచ్చును.

వచ్చు నెల మొదటి ఆదివారము సాయంకాలము ఐదుగంటలకు మన పఠనమందిరమున మొదటి తరగతి జరుగును. వచ్చువారు తమ నియామకపు ఉత్తరువును, తమ సంస్థ నియమావళి ప్రతి దొరికినచో దానిని, వెంట తేవలెను. కండ్లద్దములు కూడ మరువకుడు. మందిరములోని దీపము కొంచెము మసకగా నున్నది, దానిని ఈ వారము మార్పించెదము.